కాకెంగిలి

వానకాలం తనిఖీ, మొదటి రోజు, సోమవారం

ఈ పుస్తకం రాయడం నా సరదా కాదు, నిబంధన. దూదిపుల్ల పట్టిన చెయ్యే ఆ రోజు జరిగింది కూడా రాయాలట. సరే. నా పేరు నూకరత్నం. గట్టు మీద ఏడో కేంద్రంలో పరీక్షకురాలిని. బోర్డు మీద ‘వ్యక్తి నిర్ధారణ కేంద్రం’ అని పెద్ద పేరే ఉంది గాని, ఆ మాట నోటితో అన్నవాళ్ళని నేను ఇంతవరకు చూడలేదు. అందరికీ ఇది ఎంగిలి కేంద్రమే. ఈ రోజుల్లో దారిలో కనిపించినవాళ్ళు భోంచేశావా అని అడగరు, “ఎంగిలిచ్చేశావా?” అని అడుగుతారు.

ఇవాళ నలభై ఎనిమిది మంది వచ్చారు. వానలు పడగానే గట్టు మీదున్న ప్రతి మనిషీ ఇక్కడికొచ్చి నోరు తెరవాలి, బుగ్గ లోపల దూదిపుల్ల తిప్పి ఎంగిలి పడతాను. సముద్రం లోపలికొచ్చాక మాకు మిగిలింది ఈ గట్టే. దీని మీద ఎవరుండాలో జాబితా చెబుతుంది. జాబితాలో లేనివాళ్ళు గురువారం బోటెక్కాలి. అవతల ఒడ్డున ఏముందో ఆ బోటు సరంగుకి తెలుసు. అడిగితే చెప్పడు.

ఈ ఏడాదే కొత్తగా ఇచ్చిన ఈ పుస్తకంలో ప్రతి పేజీకి కుడి అంచున పన్నెండు చీటీలుంటాయి, చింపడానికి వీలుగా చిల్లులతో. కింది మూల నుంచి మొదలుపెట్టి ఒక్కో చీటీ చింపి, నంబరు వేసి, పుల్లతో పాటు గుడ్డసంచిలో వేస్తాను. ఇన్నాళ్ళూ వాడిన అంటించే లేబుళ్ళు ఉప్పుగాలికి ఊడిపోయేవి. అదే గాలికి ఈ పేజీలు మాత్రం ఒకదానికొకటి అతుక్కుపోతాయి. వేలు తడిచేసుకుని కొత్త పేజీని మూల దగ్గర రుద్దితే గాని విడదు. పన్నెండు చీటీలు అయిపోయేసరికి పన్నెండు పుల్లల పెట్టె కూడా అయిపోతుంది. అప్పుడు లోవరాజు కొత్త పెట్టె తెచ్చి, మూత తీసి, నా బల్ల మీద పెడతాడు.

కేంద్రంలో మేమిద్దరమే. లోవరాజుకి అరవై దాటాయి. పుల్లలకి ఆవిరి పట్టి శుద్ధి చెయ్యడం అతని పని. నెమ్మదస్తుడని అందరూ అంటారు. నెమ్మదస్తులంటే నాకు ముందు నుంచీ కొంచెం అనుమానం.

రెండో రోజు, మంగళవారం

నిన్నటి నలభై ఎనిమిదిలో నాలుగు చెడ్డాయి. ఆ నలుగురికీ కబురు పెట్టాను. మొదట ఎండుచేపలమ్మే వీరవేణి వచ్చింది, రావడమే కోపంగా.

“నిన్న ఇచ్చాను కదండీ ఎంగిలి? ఒక్క రోజులో నేను మారిపోయానా ఏంటి?”

“మళ్ళీ ఇవ్వాలి. నీ కాయితంలో ఇంకొకరున్నారు.”

నమ్మలేదు. యంత్రం గీసిన కాయితం తెచ్చి చూపించాను. మన ఒంట్లో ప్రతి కణంలోనూ పొడుగాటి రాత ఒకటి ఉంటుందని, అందులో కొన్ని చోట్ల నాలుగక్షరాల చిన్న మాట మళ్ళీ మళ్ళీ వస్తుందని చెప్పాను. ఎన్నిసార్లు వస్తుందన్నది మనిషికో తీరు. కొందరికి తొమ్మిది, కొందరికి పద్నాలుగు. ప్రతి చోటా అమ్మ దగ్గర్నుంచి ఒక అంకె, నాన్న దగ్గర్నుంచి ఒక అంకె. అలాంటి చోట్లు ఇరవై చూస్తాం. ఇరవై చోట్ల అంకెలూ కలిస్తే ఆ మనిషే. కవలలకి తప్ప ఇంకొకరికి అలా కలవవు.

“మరి నాకేం వచ్చిందండీ?”

“అంకెకో కొండ గీస్తుంది యంత్రం. మూడో చోట నీకు రెండు కొండలుండాలి. చూడు, నాలుగున్నాయి. పెద్దవి రెండూ నీవి. ఈ పిల్ల కొండలు రెండూ ఇంకెవరివో.”

వీరవేణి ఆ కాయితాన్ని చాలాసేపు చూసింది. “నా నోట్లో ఇంకొకరా! మా అత్తగారేమో చూడండి. నేను మాట్లాడుతుంటే మధ్యలో దూరడం ఆవిడకి అలవాటే” అని నవ్వి, మళ్ళీ నోరు తెరిచింది.

నాకు నవ్వు రాలేదు. ఆమె వెళ్ళాక చెడిన కాయితాలు నాలుగూ పక్కపక్కన పెట్టాను. ఎవరి పెద్ద కొండలు వాళ్ళకి కొట్టేస్తూ పోతే, చివరికి నాలుగింట్లోనూ మిగిలిన పిల్ల కొండలు ఒకటే. ఒకే మనిషి నలుగురి నోళ్ళలో ఉంది. ఉంది అనే అంటున్నాను, ఎందుకంటే వీరవేణి కాయితంలో మగ గుర్తు లేదు. వచ్చింది ఆడమనిషే.

మూడో చోట ఆమె అంకెలు 11, 19. ఆ చోట పంతొమ్మిది చాలా అరుదు. ఇన్నేళ్ళలో నేను రెండు మూడు సార్లు చూశానేమో. అందుకని ఆమెకి పంతొమ్మిది అనే పేరు పెట్టుకున్నాను. జాబితాలో బతికున్నవాళ్ళ దాంట్లో వెతికాను, లేదు. పోయినవాళ్ళ దాంట్లో వెతికాను, అక్కడా లేదు. లోవరాజు లెక్కతో పోల్చాను, నా లెక్కతో కూడా పోల్చాను, నిబంధన కదా. మా ఇద్దరిదీ కాదు.

జాబితాలో లేని ఆడమనిషి ఒకరు నా కేంద్రంలో తిరుగుతోంది.

మూడో రోజు, బుధవారం

నిన్నటివాటిలోనూ నాలుగు చెడ్డాయి. పంతొమ్మిదే.

ఇవాళ నంబర్లు చూశాను. మొన్న చెడినవి 1, 13, 25, 37. నిన్న చెడినవి 49, 61, 73, 85. పన్నెండేసి ఎడం. అంటే ప్రతి పెట్టెలోనూ మొదటి పుల్ల. పెట్టెలో పైనున్న పుల్లని ఎవరో ముట్టుకుంటున్నారు. ఆవిరి గదిలో పెట్టె మూసేదీ లోవరాజే, నా బల్ల మీద మూత తీసేదీ లోవరాజే. ఆ గదిలోకి నేను వెళ్ళను, నాకు ఆ వేడి పడదు.

అతని చేతులు కాదు. అతని గదిలో ఉన్న ఎవరివో చేతులు.

అయిదో రోజు, శుక్రవారం

రెండు రోజులుగా కనిపెట్టి చూస్తున్నాను. లోవరాజు మధ్యాహ్నం వంటశాల నుంచి అన్నం తెచ్చుకుని ఆవిరి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటాడు. ఇవాళ నేనూ వెనకే వెళ్ళి వంటశాల గుమ్మం పక్కన నిలబడ్డాను. వంటావిడతో అంటున్నాడు:

“ఇంకో ముద్ద వెయ్యండమ్మా. మా ఆవిడకి.”

ఆవిడ వేసింది. అది కూడా మాట్లాడకుండా, రోజూ అలవాటైనట్టు వేసింది.

లోవరాజు భార్య పోయి మూడేళ్ళయింది. పోయినవాళ్ళ జాబితాలో ఆమె అంకెలు నేనే చూశాను. మూడో చోట పంతొమ్మిది లేదు. కాబట్టి ఇప్పుడు ‘మా ఆవిడ’ అంటున్నది ఇంకెవరినో. అరవై దాటాక ఈ మనిషి అవతలి ఒడ్డు నుంచి ఎవరినో తెచ్చి ఆవిరి గదిలో దాచాడు. ఆవిడ ఊరికే కూర్చోలేక పుల్లలు సర్దుతోంది.

రాస్తుంటే నాకే నమ్మకం పెరిగిపోతోంది. నాకు అనుమానం ఎక్కువని అంటారు. అనుమానించడం నా ఉద్యోగం. అనుమానం లేని పరీక్షకురాలు ఎవరిక్కావాలి?

ఆరో రోజు, శనివారం

తనిఖీ అధికారిణి హైమావతి గారికి ఉత్తరం రాసి పంపాను. చెడిన కాయితాలన్నీ జత చేశాను.

ఎనిమిదో రోజు, సోమవారం

హైమావతి గారు పొద్దున్నే వచ్చారు. ఆవిరి గది వెతికించారు. మూలనున్న గోనెసంచులు కూడా దులిపించారు. ఎవరూ లేరు. లోవరాజు సొంత ట్రంకుపెట్టెలో ఒక నేత చీర మడత పెట్టి ఉంది, అంతే.

“ఎవరికోసం తీసుకెళ్తున్నావు రోజూ రెండో ముద్ద?”

“మా ఆవిడకండి.”

“మీ ఆవిడ పోయిందిగా.”

“ఆయ్, పోయిందండి. కిటికీలో పెడతానండి. కాకులొచ్చి తినేత్తాయి.”

“కాకులకి పెట్టేది ఏడాదికోసారి కదయ్యా. రోజూ ఎవరు పెడతారు?”

“ఆవిడకి రోజూ ఆకలేసేదండి” అన్నాడు.

హైమావతి గారు నా వైపు తిరిగారు. నేను నమ్మలేదు. ఈ పుస్తకంలో నిజమే రాయాలి కాబట్టి రాస్తున్నాను, ఒక్క ముక్క కూడా నమ్మలేదు. కాకులు పెట్టెలు తెరిచి పుల్లలు ముట్టుకోవు కదా అన్నాను. ఆ మాట వెటకారంగానే అన్నాను.

దాచిన మనిషి ఎవరో చెబితే వదిలేస్తామని హైమావతి గారు అన్నారు. అతను చెప్పలేదు. చెప్పడానికి అతని దగ్గర వేరే పేరు లేనట్టు నిలబడ్డాడు. జాబితాలో లేని మనిషిని దాస్తే దాచినవాళ్ళు బోటెక్కాలి, అది నిబంధన. గురువారం బోటుకి లోవరాజు పేరు రాశారు. అంతవరకు గిడ్డంగిలో ఉంచుతారు.

వెళ్తూ వెళ్తూ నాతో అన్నాడు: “రత్నమ్మగారూ, ఆవిరి గొట్టం మూత కొంచెం వదులుగా ఉందండి. చెయ్యి కాల్చుకునేరు.”

తొమ్మిదో రోజు, మంగళవారం

ఇవాళ పుల్లలకి ఆవిరి నేనే పట్టాను. ఆవిరి గది కిటికీ మీద మధ్యాహ్నానికి రెండు కాకులు వచ్చి వాలాయి. నేను తోలాను. వెళ్ళలేదు. ఖాళీ కిటికీ గట్టు మీద కాసేపు పొడిచి చూసి, లోపలికి తొంగి చూసి, మళ్ళీ కూర్చున్నాయి. సాయంత్రం దాకా అక్కడే ఉన్నాయి. రోజూ పెట్టే చోటు కాకపోతే అంతసేపు కూర్చోవు.

లోవరాజు చెప్పింది నిజం.

అంతలో ఇవాళ్టి మొదటి కాయితం యంత్రం నుంచి వచ్చింది. లోవరాజు గిడ్డంగిలో ఉన్నాడు. పెట్టె మూసింది నేను, తెరిచింది నేను. అయినా అందులో పంతొమ్మిది ఉంది.

పదో రోజు, బుధవారం

కేంద్రానికి సెలవు పెట్టి తలుపు వేసుకున్నాను. యంత్రానికి ఒక్కో విడతకి మూడు గంటలు పడుతుంది. రోజంతా కూర్చుని అది చేశాను.

ఎవరి నోట్లోనూ పెట్టని కొత్త పుల్లని, పేజీలో మొదటి చీటీతో కలిపి సంచిలో వేశాను. రెండో పుల్లని చీటీ లేకుండా వేశాను. మూడో పుల్లతో అదే పేజీలో ఆఖరి చీటీ. మనిషే లేని కాయితాలు మూడూ ఖాళీగా రావాలి.

చీటీ లేనిది ఖాళీ. ఆఖరి చీటీది ఖాళీ. మొదటి చీటీదాంట్లో పంతొమ్మిది వచ్చింది. ఇరవై చోట్లా, ఎవరి పెద్ద కొండలూ అడ్డం లేకుండా, తీరుబడిగా కూర్చుని ఉంది.

తప్పు పెట్టెది కాదు. పన్నెండు పుల్లలకొక పెట్టె, పన్నెండు చీటీలకొక పేజీ. రెండూ ఒక్కసారే మారతాయి గనుక నేను పెట్టెనే చూశాను, ఈ పుస్తకాన్ని చూడలేదు. మొదటి చీటీ అంటే పేజీ కింది మూల. ఈ మూలని ముట్టుకునేది ఎవరు?

అలా ఆలోచిస్తూనే తరవాతి పేజీ తిప్పడానికి వేలు నోటి దగ్గరికి తీసుకెళ్ళాను. అక్కడే ఆగిపోయాను.

కాని నా లెక్కతో పోల్చాను కదా? జాబితాలో నూకరత్నం అంకెలు వేరు. మూడో చోట 8, 12. పంతొమ్మిది నేనెలా అవుతాను?

కొత్త పుల్ల తీసి నా బుగ్గ లోపల తిప్పుకున్నాను. ఎంగిలి పట్టే చెయ్యి తన ఎంగిలి తాను పట్టకూడదని నిబంధన. ఏటేటా తనిఖీ మొదలైనప్పటి నుంచీ ఈ కేంద్రంలో పట్టేది నేనొక్కదాన్నే. అలా ఈ ఇరవై ఏళ్ళలో గట్టు మీద నోరు తెరవని మనిషి నేనొక్కదాన్నే. మూడు గంటలు ఆ యంత్రం ముందు నిలబడే ఉన్నాను.

పదకొండు. పంతొమ్మిది. ఇరవై చోట్లా ఒక్క తేడా లేదు.

నాకు బంగారి గుర్తొచ్చింది. గుర్తు రావడమేంటి, ఎప్పుడూ గుర్తుంది. కాని ఒక ఆటలాగే గుర్తుంది. మొదటి జాబితా రాసినప్పుడు నాకు ఆరేళ్ళు, దానికీ ఆరేళ్ళు. అమ్మానాన్నలు నీళ్ళలో పోయారు, పిన్ని నన్ను శిబిరానికి తీసుకొచ్చింది. బంగారి వాళ్ళది మా పక్క గుడారం. శిబిరంలో ఎవరైనా జామకాయ ఇస్తే బంగారి గౌను అంచు దాని మీద కప్పి కొరికి, సగం నాకిచ్చేది. కాకెంగిలి చేస్తే ఎంగిలి అంటదని దాని గట్టి నమ్మకం. నాకూ అదే నమ్మకం.

ఆ పుల్ల నోట్లో పెట్టుకుంటే మాట పడిపోతుందని ఎవరో అన్నారు. నేను వరసలో నిలబడి ఏడుస్తున్నాను. పిన్ని బియ్యం వరసలో ఉంది. గుమాస్తా తల వంచుకుని రాసుకుంటూనే పుల్ల నా చేతికిచ్చాడు. వెనక నుంచి బంగారి వచ్చి, “ఇలా తే. కాకెంగిలి అనుకో” అని తీసుకుని, తన నోట్లో తిప్పేసి నా చేతిలో పెట్టింది. నేను గుమాస్తాకిచ్చాను. ఆయన నా పేరు రాసుకున్నాడు. బంగారి వాళ్ళ వరస మర్నాడు. మర్నాటికి దానికి జ్వరం. ఆ వారంలోనే పోయింది. దాని పేరు ఎక్కడా ఎక్కలేదు.

ముప్పై అయిదేళ్ళుగా జాబితాలో నా పేరు పక్కనున్నది అది. నేను ఎక్కడా లేను.

అన్నీ రాస్తున్నాను కాబట్టి ఇదీ రాస్తాను. ఈ పుస్తకాన్ని ఆవిరి గది పొయ్యిలో పడేస్తే చాలు. రేపటి నుంచి వేలు తడిచేసుకోకుండా నీళ్ళగిన్నె పక్కన పెట్టుకుంటే, పంతొమ్మిది ఇంకెప్పుడూ కనపడదు. లోవరాజు వెళ్ళాక ఆగిపోయింది గనుక దొంగ అతనేనని అందరూ అంటారు. పొయ్యి దాకా వెళ్ళాను కూడా. గొట్టం మూత వదులుగా ఉందని మరిచిపోయి చెయ్యి కాల్చుకున్నాను. అతను చెప్పి వెళ్ళాడు. తనని బోటెక్కిస్తున్నదానికి చెయ్యి కాలుతుందేమోనని చెప్పి వెళ్ళాడు.

అక్కడే కింద కూర్చుని ఏడ్చాను. కొంత సిగ్గుతో, ఎక్కువ భయంతో.

పదకొండో రోజు, గురువారం

రేవు దగ్గరికి వెళ్ళేసరికి లోవరాజు బోటులో కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో తన టిఫిన్ గిన్నె పెట్టుకుని. హైమావతి గారు రేవు మెట్ల మీద ఉన్నారు. ఈ పుస్తకం, మూడు ఖాళీ పుల్లల కాయితాలు, నా కాయితం ఆవిడ చేతికిచ్చి, జరిగిందంతా చెప్పాను. ఎక్కడా తడబడలేదు.

ఆవిడ కాయితాలు ఒకటికి రెండుసార్లు చూశారు. “రత్నం గారూ, మీరు చెప్పకపోతే ఇది ఎవరికీ తెలిసేది కాదు.”

“అందుకే చెబుతున్నానండి.”

“మీ ఎంగిలి మీరే పట్టుకున్న కాయితం చెల్లదు. నేను పట్టాలి. నోరు తెరవండి.”

తెరిచాను. ఆరేళ్ళప్పుడు భయపడిన పుల్ల ఇదేనా అనుకున్నాను. బుగ్గకి దూది తగిలి చక్కిలిగింత పెట్టింది, అంతే.

బోటుని మూడు గంటలు ఆపారు. కాయితం వచ్చాక హైమావతి గారు పెద్ద జాబితా తెరిచి, నా పేరు కొట్టేసి, ఆ అంకెల పక్కన రాశారు: ‘బంగారి. ఆరేళ్ళు. మొదటి శిబిరంలో మృతి.’ దానికి ముప్పై అయిదేళ్ళకి గట్టు మీద చోటు దొరికింది.

“మరి నాకు?”

“పుట్టినప్పటి సాక్ష్యం ఎవరైనా ఉన్నారా? మీ పిన్నిగారు?”

“లేదండి. పోయారు.”

ఆవిడ కళ్ళు దించుకున్నారు. “దరఖాస్తు నేనే రాస్తాను. ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేను. అంతవరకు నిబంధన నిబంధనే.” ఈ పుస్తకం తిరిగి నా చేతిలో పెట్టారు. “ఇది ఎంగిలైపోయింది. కేంద్రానికి పనికిరాదు. మీ దగ్గరే ఉంచుకోండి.”

లోవరాజు బోటు దిగాడు, నేను ఎక్కాను. పక్కపక్క నుంచి వెళ్ళాం. తప్పైపోయింది బాబాయ్ అన్నాను. ఇన్నేళ్ళలో అతన్ని పేరు పెట్టి తప్ప పిలవలేదు.

“అయ్యో, ఊరుకోండమ్మా” అని తన టిఫిన్ గిన్నె నా చేతికిచ్చాడు. “ఆ పిల్ల పేరేంటన్నారండీ?”

“బంగారి.”

“రేపట్నుంచి ఇంకో ముద్ద పెడతానండి. జామకాయ దొరికితే అది కూడానండి.”

బోటు కదిలాక గట్టు చాలాసేపు కనపడింది. ఆవిరి గది కిటికీ ఏదో పోల్చుకోవాలని చూశాను గాని, అన్ని కిటికీలూ ఒక్కలాగే ఉన్నాయి. రాద్దామని పుస్తకం తీస్తే ఇక్కడి గాలికి పేజీలు ఇంకా గట్టిగా అతుక్కుపోయాయి. వేలు తడిచేసుకుని విడదీశాను. ఈ పేజీ చీటీలు పన్నెండూ అలాగే ఉన్నాయి, ఎవరూ చింపలేదు. కింది మూల ఇంకా తడిగా ఉంది. నేనెవరో అవతల ఒడ్డున ఎవరైనా అడిగితే ఆ చీటీ చింపి ఇస్తాను.